పన్నెండో కణుపు

పోయిన సోమవారం ఉదయం మా ఎక్స్‌రే గదిలో ఉన్నవి, ఉన్నవాళ్లు: ఎక్స్‌రే మిషన్ ఒకటి. ఛాతీ ఆనించి నిలబడే స్టాండు ఒకటి. మేకుకు వేలాడుతున్న సీసపు ఏప్రాన్ ఒకటి. నేను. శంకరంపేట అవతలి పల్లె నుంచి వచ్చిన ఆరోగ్యమ్మ. చెప్పులు చేతిలో పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ ఆమె భర్త. కిటికీ పక్కన ఒక ఎత్తు స్టూలు. స్టూలు మీద ఎవరూ లేరు.

ఆ స్టూలు డాక్టర్ గారిది. మొన్న వానాకాలంలో ఆయన పోయారు. ఆరోగ్యమ్మ వస్తుందని నేను అనుకోలేదు. ఎందుకంటే మూడు నెలలకోసారి వచ్చి ఫోటో దిగుతానని ఆమె మాట ఇచ్చింది నాకు కాదు, మా దవాఖానకూ కాదు. ఆయనకు.

ఆయన గురించి చెప్పాలంటే ముందు ఆయన కుడి చేతి గురించి చెప్పాలి. మన అమ్మమ్మలు లెక్కపెట్టినట్టు బొటనవేలితో వేళ్ల కణుపులు ఒత్తుతూ లెక్కపెట్టేవారు. నాలుగు వేళ్లు, వేలికి మూడు కణుపులు, మొత్తం పన్నెండు. రోగి బాధ చెబుతుంటే ఆ బొటనవేలు కదులుతూ ఉండేది. ఒక్కో కణుపు ఒక్కో కారణం. కడుపునొప్పికి ఏడు కణుపులు నడిచి, ఆరు వెనక్కి వచ్చి, ఒకదాని మీద ఆగేది. అప్పుడే మందు రాసేవారు. "ఒక్క కారణమే తెల్సినోడు డాక్టర్ గాదు తమ్మీ, మందుల షాపోడు" అనేవారు నాతో.

రెండోది ఆయన ప్రశ్న.

"సారూ, జరమొచ్చింది."

"ఎట్ల తెల్సు?"

"ఒళ్లు కాలుతుంది సారూ."

"కొలిచినవా?"

"మా ఆమె చెయ్యి పెట్టి చూసింది."

"మీ ఆమె చెయ్యి మీద నంబర్లున్నయా?"

చుట్టూ కూర్చున్న రోగులు నవ్వేవాళ్లు, జ్వరమొచ్చినవాడూ నవ్వేవాడు. మందుల కంపెనీ ప్రతినిధి వచ్చి ఈ మాత్ర బ్రహ్మాండంగా పనిచేస్తుంది సార్ అంటే అదే ప్రశ్న. అతను రంగుల కాగితం తెరిస్తే దాన్ని మూసి, "కాగితానికి ఎట్ల తెల్సో నాకు తెల్సు. నీకెట్ల తెల్సు?" అనేవారు. వంట రుచి గురించి ఇంట్లో ఇదే ప్రశ్న వేస్తే గిన్నె ఎత్తుకెళ్లిపోయానని ఆయన భార్య, మా మేడం, ఒకసారి చెప్పారు.

ఆయన కౌడిపల్లి వైపు పొలాలున్న ఇంటి మనిషి. ఇంట్లో పూజగది ఉంది. అందులోకి ఆయన వెళ్లేది బల్బు మార్చడానికే అని కూడా మేడమే చెప్పారు. సర్కారు నౌకరీలో ఉన్నన్నాళ్లు కొట్లాట కేసుల్లో గాయాల గురించి చెప్పడానికి కోర్టుకు వెళ్లేవారు. బోనులో నిలబడి దైవసాక్షిగా అనకుండా మనస్సాక్షిగా అనేవారు. "దేవుడు నాతోపాటు గాయం చూడలే గద. చూసింది నేను" అని దానికి ఆయన కారణం. రిటైరయ్యాక మా చిన్న దవాఖానలో కూర్చున్నారు. నేను రేడియోగ్రఫీ డిప్లొమా ముగించి ఇక్కడ చేరిన మొదటి రోజే నాకు పేరు పెట్టేశారు. వరండాలో నిలబడి "ఓ ఫోటోగ్రాఫర్!" అని కేకేస్తే రామదాసు చౌరస్తా దాకా వినిపించేదని మా నర్సమ్మ అంటుంది.

మూడోది ఈల. జనం సంతోషం వస్తే ఈల వేస్తారు. ఆయన అర్థం కాకపోతే వేసేవారు. ఫిల్మును లైటు పెట్టె మీద చూడరు. "సూర్యుణ్ని మించిన లైటు ఏ కంపెనీ తయారుచేసింది?" అంటూ కిటికీ పక్కన ఆ స్టూలెక్కి కూర్చుని ఎండకు పట్టి చూస్తారు. ఈల వినబడిందంటే ఆ రోజు మంచి కేసు తగిలిందని మాకు అర్థం.

ఆరోగ్యమ్మ ఫిల్ము చూసి వేసినంత పొడుగు ఈల మళ్లీ నేను వినలేదు.

ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు దగ్గు, తెమడలో నెత్తురు. "పేరేమో ఆరోగ్యమ్మ, తిరిగేదేమో దవాఖానల" అని ఆయన నవ్వించబోతే ఆమె నవ్వలేకపోయింది, దగ్గొచ్చింది. నేను తీసిన ఫిల్ములో కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ. ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు. క్షయ పరీక్షలు చేయించారు, క్షయ కాదు. పట్నం పంపించారు. అక్కడ స్కాన్ తీశారు, సూదితో ముక్క తీశారు, క్యాన్సర్ అన్నారు. ట్రీట్‌మెంటుకు రమ్మని తేదీ ఇచ్చారు. ఆ తర్వాత ఆమె సంగతి మాకు తెలియలేదు. పట్నంలోనే ఉందనుకున్నాం.

కొన్ని నెలలకు ఒక పొద్దున చేతి మీద వేడి పప్పు ఒలికి కాలిందని కట్టు కోసం వచ్చింది. డాక్టర్ గారు వరండాలో సాసర్‌లో చాయ్ పోసుకుని తాగుతున్నారు. సాసర్ నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

"నువ్వు ఆరోగ్యమ్మవు గద?"

"అవును సారూ."

"పట్నంల ట్రీట్‌మెంట్ అయిందా?"

"పోలే సారూ."

"పోలేదా! మరి?"

"చర్చిల నవదిన ప్రార్థనలు చేసిన సారూ. తల్లి ముట్టింది. తగ్గిపోయింది."

"ఎట్ల తెల్సు?"

"దగ్గు లేదు, నెత్తురు లేదు. గింత బలిసిన, చూడుండ్రి. జాకెట్లన్నీ మళ్ల కుట్టించుకున్న."

"ఓ ఫోటోగ్రాఫర్!"

తీశాను. తెర మీద బొమ్మ వచ్చింది. నేనే నమ్మలేక ఆమెను ఇంకోసారి నిలబెట్టి మళ్లీ తీశాను. డాక్టర్ గారు ఫిల్ము లాక్కుని కిటికీ దగ్గరికి పరుగెత్తారు. ఈల. కిటికీ చాలక మెట్లెక్కి డాబా మీదికి వెళ్లారు, నేను వెనకే. పెద్ద చర్చి గోపురానికి ఎదురుగా, ఎండలో ఆ ఫిల్మును రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు. కుడి ఊపిరితిత్తి కడిగిన పలక లాగా ఉంది.

ఆయన ముఖం ఎర్రబడింది. నాకు సంతోషమో కోపమో తెలియలేదు. రెండూ అని నిమిషంలోనే తెలిసింది.

"ఎక్కు బండి" అన్నారు. "పట్నం పోవద్దని చెప్పినోన్ని చూస్త. రోగం పోయింది సరే, పోకపోతే ఎవడు జవాబుదారి?"

స్కూటర్ నేరుగా పెద్ద చర్చి ఆవరణలోకి పోనిచ్చారు. అక్కడి పాస్టరయ్యగారు మొక్కలకు నీళ్లు పట్టిస్తున్నారు. డాక్టర్ గారు బండి దిగకముందే మొదలుపెట్టారు.

"అయ్యగారూ, ప్రార్థన చేసుకోండ్రి, నేనొద్దనలే. ట్రీట్‌మెంట్ వద్దనుడేంది?"

"ఎవరికి వద్దన్నం సార్?"

"ఆరోగ్యమ్మకు!"

అయ్యగారు నీళ్ల పైపు కింద పెట్టి నవ్వారు. "మా దాంట్ల సుగుణమ్మ ఉంటది, ఎస్తేరమ్మ ఉంటది, శాంతమ్మలైతే మస్తుగున్నరు. ఆరోగ్యమ్మ ఉండది సార్. అది మరియ తల్లి పేరు మీద పెట్టుకునే పేరు. ఆర్‌సీఎం వాళ్లు, అంటే రోమన్ కాథలిక్కులు. మీరు తప్పు చర్చికొచ్చిండ్రు."

డాక్టర్ గారు బండి మీదే కూర్చుని పగలబడి నవ్వారు. "ముప్పై ఏండ్ల సంది ఈ ఊర్లున్న. కిరస్తానపోళ్లంటే అందరిదీ ఒకటే ఇల్లనుకున్న!" ఉన్నట్టుండి నవ్వు ఆపి నా వైపు తిరిగారు. "తమ్మీ, మనమే తప్పు అడ్రసుకు వచ్చినమంటే ఫిల్ము కూడ తప్పు మనిషిది అయి ఉండొచ్చు గద!"

బొటనవేలు చూపుడువేలి మొదటి కణుపు మీదికి వెళ్లింది. అట్లా మొదలైంది.

ఆ రోజులు గుర్తొస్తే ఇప్పటికీ నాకు కాలు నిలవదు. పొద్దున బండి చప్పుడు వినగానే నేను బయటికి పరుగెత్తేవాణ్ని. బండి స్టాండు వేయకముందే ఆయన కొత్త కారణం చెప్పేవారు. సాయంత్రానికి దాన్ని మేమిద్దరం కలిసి చంపేవాళ్లం.

ఫిల్ములు మారిపోయాయా? పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టాం. ఆరోగ్యమ్మ కుడి నాలుగో పక్కటెముక ముందు కొసన రెండుగా చీలి ఉంటుంది. పుట్టుకతో కొందరికి ఉండే తేడా. రెండు ఫిల్ముల్లోనూ అదే చీలిక, అదే వంపు. "పంగలకర్ర లెక్కుంది. మనిషి ఈమెనే" అన్నారు. ఒక కణుపు పోయింది. మిషన్ తప్పా? అదే రోజు అదే మిషన్ మీద ముందూ వెనకా తీసిన వాళ్లందరి ఫిల్ములూ చూశాం. పోయింది. మొదట చూసింది నిమ్ము మాత్రమేనా? ముక్క పరీక్ష కాదంటోంది. పట్నంలో ముక్కలు తారుమారయ్యాయా? తూప్రాన్ మీదుగా బస్సులో ఆయనే వెళ్లారు. ఆ రోజు ఆ ల్యాబుకు ఊపిరితిత్తి ముక్క ఇంకెవరిదీ రాలేదు. స్లైడును ఇంకో ఇద్దరికి చూపించారు. ఇద్దరూ క్యాన్సరే అన్నారు. బస్సు దిగి తిన్నగా దవాఖానకే వచ్చి, "తమ్మీ, గిది కూడ పోయింది!" అని నా భుజం చరిచారు. తన అనుమానం ఓడిపోయిన ప్రతిసారీ ఆయన ఇంకాస్త పడుచువాడయ్యేవారు.

నాటు మందు ఏమన్నా తిన్నదా? "తీర్థం, నూనె. గంతే సారూ" అంది ఆరోగ్యమ్మ. రెండూ తెప్పించారు. నేను వద్దంటున్నా తీర్థం నాలుక మీద వేసుకుని, "జర ఉప్పుంది" అన్నారు. నూనె వాసన చూసి, "కొబ్బరినూనె. మా మేడం జుట్టుకు పెడుతది, ఆమెకు ఏ మహిమా కనిపియ్యలే" అన్నారు.

"తనంతట తానే తగ్గడం అని పుస్తకాల్లో ఉంటుంది గదా సార్?" అని నేనే అడిగాను.

"ఉంటది. మాకు తెల్వదు అనే మాటకు కోటు తొడిగి టై కడితే గట్లుంటది."

పదకొండో కణుపు దాకా వచ్చాం. ఆ రోజే ఆర్‌సీఎం చర్చి ఫాదర్ వచ్చారు. గుంటూరు వైపు మనిషి, చిన్న వయసు, తెల్ల అంగీకి చెమట పట్టింది. ఆరోగ్యమ్మకు జరిగింది మహిమేనని కాగితం రాసిమ్మని అడగడానికి వచ్చారని అనుకున్నాం.

"డాక్టర్ గారూ, దయచేసి ఎక్కడో పొరపాటు జరిగిందని చెప్పండి."

డాక్టర్ గారు స్టూలు మీద సర్దుకున్నారు. "ఏందీ?"

"ఆరోగ్యమ్మ సంగతి విని ఆదివారం చర్చి గేటు ముందు ఆటోలు పెరుగుతున్నాయండి. అద్భుతం అని ఆ మాట నేనింతవరకు పలకలేదు. మా దగ్గర ఊరికే అననివ్వరు. ముందు డాక్టర్లు చూడాలి. అందులోనూ నమ్మని డాక్టర్ మాటకే విలువ ఎక్కువ. మీరు నమ్మరని ఊరంతా చెప్పారండి, అందుకే వచ్చాను."

డాక్టర్ గారు నా వైపు చూశారు. ఆ కళ్లలో పండగ. "తమ్మీ, చాయ్ చెప్పు! నాకంటే అనుమానపోడు దొరికిండు!"

సాయంత్రం దాకా ఇద్దరూ ఫిల్ములు ముందేసుకుని కూర్చున్నారు. ఫాదర్ ఒక్కో కారణం అందిస్తారు, డాక్టర్ గారు ఒక్కో కణుపు చూపించి అది అయిపోయిందంటారు. చివరికి ఫాదర్ పన్నెండో కణుపు వైపు వేలు చూపించారు. "మరి దీనిమీద ఏముందండీ?"

"ఖాళీ."

"అక్కడ మేము ఒకటి పెట్టుకుంటామండి."

"మీరు పెట్టుకోండ్రి. నా చేతి మీద మాత్రం ఖాళీగనే ఉండనియ్యుండ్రి ఫాదర్."

ఇదంతా ఉత్సాహమే. కానీ ఆయన్ని నిద్రపోనివ్వనిది వేరే ఉంది. చెప్పకుండా పోయిన రోగం చెప్పకుండా రావచ్చు. మూడు నెలలకోసారి ఫోటో తీస్తే, తిరిగొచ్చినా చిన్నగా ఉన్నప్పుడే దొరుకుతుంది. ఆ మాట ఆరోగ్యమ్మకు చెబితే ఆమె తల వంచుకుంది.

"మా వాళ్లు వద్దంటున్నరు సారూ. మళ్ల మళ్ల చూపిచ్చుకుంటే తల్లిని అనుమానించినట్టంట. ఇచ్చింది వాపస్ తీసుకుంటదంట."

"నువ్వేమంటవ్?"

"నాకు భయమైతుంది. పోతే తల్లికి కోపం. పోకపోతే మీకు కోపం." కొంగు వేలికి చుట్టుకుంటూ అంది, "మీరొచ్చి మా చర్చిల సాక్ష్యం చెప్తే మా వాళ్లు ఇంటరు. నేనొస్త, మాటిస్తున్న."

"నేనా? సాక్ష్యమా? నేను కోర్టుల తప్ప ఎక్కడ చెప్పలే అమ్మా."

"గట్లనే చెప్పుండ్రి."

ఆదివారం వెళ్లాం. రేకుల పందిరి కింద ప్లాస్టిక్ కుర్చీలు, గుమ్మం బయట గుట్టగా చెప్పులు, బంగారు అంచు చీర కట్టిన మరియమాత విగ్రహం. ఫాదర్ పిలవగానే డాక్టర్ గారు ముందుకెళ్లి, కోర్టులో లాగా నిటారుగా నిలబడ్డారు. అలవాటు ప్రకారం నోరు తెరిచారు.

"మనస్సాక్షిగా ప్రమాణం చేసి..."

నాలుక కరుచుకున్నారు. కుర్చీల్లో నవ్వులు మొదలయ్యాయి. ఫాదర్ కూడా నవ్వి, "మనస్సాక్షి చాలండి, కానివ్వండి" అన్నారు.

"నేను చూసింది చెప్త. చూడంది చెప్ప. మొదటి ఫోటోల మచ్చ ఉండె. పట్నంల ముక్క తీస్తే క్యాన్సర్ అన్నరు. ఇద్దరికి మళ్ల చూపెట్టిన, వాళ్లూ గదే అన్నరు. ఈమె మందు తీసుకోలే. రెండో ఫోటోల మచ్చ లేదు. ఇప్పుడు ఇంకోటి చెప్త, జర చెవులిచ్చి ఇనుండ్రి. ఈమె పట్నం పోకపోవుడు తప్పు. మందు వద్దని ఇంట్ల కూసొని సచ్చిపోయినోళ్లను కూడ నేను చూసిన. వాళ్లూ ప్రార్థన చేసినోళ్లే."

ఫాదర్ గట్టిగా తల ఊపారు, అందరికీ కనబడేలా.

డాక్టర్ గారు కుడిచెయ్యి ఎత్తారు. ఒక్కో కణుపు ఒత్తుతూ పదకొండు కారణాలు చెప్పారు, ఒక్కోటి ఎట్లా పోయిందో చెప్పారు. బడిలో ఎక్కాలు విన్నట్టు జనం ముందుకు వంగి విన్నారు. వెనక వరసలోంచి ఒక ముసలామె లేచింది.

"మరి పన్నెండోది మా తల్లిదే గద సారూ!"

"కావొచ్చు అవ్వా. ఎట్ల తెల్సు?"

"కాదని నీకెట్ల తెల్సు?"

పందిరంతా గొల్లుమంది. ఆయన ప్రశ్నతో ఆయన్నే కొట్టినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు. డాక్టర్ గారు ముఖమంతా నవ్వు చేసుకున్నారు.

"తెల్వదు" అన్నారు. పరీక్షలో పాసైన పిల్లవాడి గొంతు అది. "తెల్వదు అవ్వా! గందుకే అడుగుతున్న. ఈమెను మూడు నెలలకోసారి ఫోటోకు పంపుండ్రి. మీ తల్లి చేసిన పనైతే నా మిషన్‌కు భయపడేదేముంది? గట్టి పనే చేసుంటది గద!"

ముసలామె విగ్రహం వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "నిజమేనే ఆరోగ్యా" అంది. "పోయి దిగు. మన తల్లి పనికి వంకలు పెట్టుమను చూద్దాం."

అప్పటినుంచి ఆరోగ్యమ్మ తప్పలేదు. ప్రతిసారీ ఆయన స్టూలెక్కి, పంగలకర్ర ఉందా లేదా ముందు చూసి, తర్వాత మచ్చ కోసం వెతికేవారు. లేకపోతే ఈల. "ఇంక అర్థం గాలే తమ్మీ!" అనేవారు, అంత కంటే మంచి వార్త లేనట్టు. బయట కూర్చున్న ఆమె ఈల వినగానే సిలువ గుర్తు వేసుకుని లేచేది.

ఆయన అంతిమయాత్రకు ఫాదర్ వచ్చారు, పెద్ద చర్చి అయ్యగారూ వచ్చారు. ఆరోగ్యమ్మ దూరంగా నిలబడి వెళ్లిపోయింది. గడువు దగ్గర పడుతుంటే నాకు పరేషానైంది. ఇప్పుడు మళ్లీ వద్దనే వాళ్లుంటారు. వద్దంటే జవాబు చెప్పడానికి ఆయన లేరు.

సోమవారం తలుపు తోసుకుని వచ్చింది.

"వస్తవో రావో అనుకున్న" అన్నాను.

"ఎందుకు రాను తమ్మీ? సారు పోయిండు గని, నేనిచ్చిన మాట పోయిందా?"

స్టాండుకు ఛాతీ ఆనించింది. ఊపిరి పీల్చి బిగబట్టమన్నాను. మీట నొక్కాను. బొమ్మ చూసి ఆమెకు చెప్పాల్సింది ఈసారి నేనే. రిపోర్టు పట్నం డాక్టర్ పంపుతారు, కానీ అంతదాకా ఆగలేకపోయాను. ఫిల్ము తీసి, ఎందుకో లైటు పెట్టె దాటి కిటికీ దగ్గరికి వెళ్లి, మొదటిసారి ఆ స్టూలెక్కి కూర్చున్నాను. ఎండకు పట్టాను. పంగలకర్ర ఉంది. అక్కణ్నుంచి చూపు పైకి జరిపాను. మళ్లీ చూశాను. నాకు ఈల వేయడం సరిగ్గా రాదు. గాలే వచ్చింది.

ఆ గాలి చాలు ఆమెకు. సిలువ గుర్తు వేసుకుంది. తర్వాత కుడిచెయ్యి తెరిచి, బొటనవేలితో ఒక్కో కణుపూ ఒత్తుకుంటూ పోయి చిటికెనవేలి కొసన ఆగింది.

"సారుకు మాటిచ్చినంక ఇది పన్నెండో ఫోటో తమ్మీ. ఖాళీ పెట్టిన కణుపు మీదికొచ్చిన."

"మళ్లీ మూడు నెలలకు?" అన్నాను.

"ఎడమ చెయ్యి ఉంది గద."

రిపోర్టు నిన్న వచ్చింది. కుడి ఊపిరితిత్తి, పైభాగం. మచ్చ కొలత: సున్నా మిల్లీమీటర్లు.